క్యాజువాలిటీకి వచ్చిన పెద్దవారిలో ఫ్రెయిల్టీని ఎలా గుర్తించాలి?

డెబ్బై అయిదేళ్ల అవ్వ. నీరసంగా ఉందని తీసుకొచ్చారు. బీపీ బాగుంది, సుగర్ బాగుంది, ఈసీజీలో ఏమీ లేదు. ఒక సెలైన్ ఎక్కించి ఇంటికి పంపారు. నాలుగు రోజులకు అదే అవ్వ మళ్లీ వచ్చింది, ఈసారి తుంటి ఎముక విరిగి. "మొదటిసారే మనం పసిగట్టి ఉండాల్సిందా? ఎలా పసిగట్టాలి?" ఏరియా ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సులు, హౌస్ సర్జన్లు, చిన్న నర్సింగ్ హోముల డాక్టర్లు ఊరి పేరు మార్చి నన్ను తరచుగా అడిగేది ఇదే. విడివిడిగా జవాబు చెప్పడం కంటే ఒకచోట రాయడం మేలనిపించింది.

సిద్ధాంతం రెండు ముక్కల్లో ముగిస్తాను. ఫ్రెయిల్టీ అంటే వయసు కాదు, ఒక జబ్బు పేరూ కాదు. ఒంట్లో ఉండాల్సిన నిల్వ తరిగిపోయి, చిన్న జ్వరానికో నాలుగు విరేచనాలకో మనిషి మంచం పట్టే స్థితి. ములుగు వైపు నుంచి వచ్చిన 82 ఏళ్ల రైతు మొన్నటిదాకా చేనుకు నడిచి వెళ్లి ఉండవచ్చు. హనుమకొండలో మూడో అంతస్తులో ఉండే 68 ఏళ్ల విశ్రాంత ఉద్యోగి ఆరు నెలలుగా మెట్లు దిగి ఉండకపోవచ్చు. ఇద్దరికీ ఒకే న్యుమోనియా వచ్చినా ఇద్దరూ ఒకేలా కోలుకోరు. ఈ తేడా ఏ మిషనూ చూపించదు. అడిగి తెలుసుకోవలసిందే.

ఈ పరీక్ష ఎవరికి చేయాలి?

65 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఏ కారణంతో వచ్చినా సరే. తేలు కుట్టి వచ్చినా, ఆటో తగిలి వచ్చినా మినహాయింపు లేదు. మన చట్టం 60 దాటినవారిని వృద్ధులంటుంది గానీ, కింద చెప్పబోయే ఫ్రెయిల్టీ కొలతలు 65 దాటినవారి కోసం తయారైనవి. 60 నుంచి 64 మధ్య ఉండి ఒళ్లు అరిగిపోయినట్టు కనిపించేవారిని ప్రశ్నలు అడగండి, సంఖ్య మాత్రం వేయకండి. తెలిసిన విషయాన్ని మాటల్లో రాస్తే చాలు.

వయసు దగ్గరే మొదటి చిక్కు. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే అది అంచనాగా వేసినదే అయి ఉండవచ్చు. కార్డు 63 అంటుంది, మనిషి 75లా ఉంటారు. అప్పుడు కాలాన్ని అడగండి. రజాకార్ల గొడవల నాటికి, అంటే 1948 నాటికి, పశువులు కాసేంత వయసు ఉందంటే ఇప్పుడు 85 దాటినట్టే. 1969 తెలంగాణ ఉద్యమం నాటికే పెళ్లయి పిల్లలున్నారంటే 75 దగ్గరపడినట్టే.

దగ్గర ఉంచుకోవలసినవి

- బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, థర్మామీటర్, గ్లూకోమీటర్.
- కుట్టుపనికి వాడే కొలత టేపు.
- చక్రాలు లేని, చేతులున్న కుర్చీ. దాని ముందు నేల మీద మూడు మీటర్ల దూరంలో ప్లాస్టర్‌తో ఒక గీత.
- సెకన్లు చూపే గడియారం లేదా ఫోను.
- క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ (మనిషి ఎంత బలహీనమో చెప్పే సంఖ్య), ఐసార్ (ముప్పు ఉన్నవారిని పట్టే ఆరు ప్రశ్నలు), ఫోర్ ఏటీ (మతి తేడా చూసే పరీక్ష) ఈ మూడూ తెలుగులో ఉన్న ఒకే కాగితం. మూడు కాగితాలైతే మూడోది పోతుంది.
- ఒక స్టెతస్కోపు. గుండె వినడానికి కాదు. వినపడని పెద్దవారి చెవులకు దాన్ని తగిలించి, గుండ్రటి బిళ్ల దగ్గర మామూలు గొంతుతో మాట్లాడండి. అరవాల్సిన పని ఉండదు, పక్క మంచాల వారికి మీ ప్రశ్నలు వినపడవు.
- ఆ మనిషిని ఇంట్లో రోజూ చూసేవారు, లేదా వారి ఫోను నంబరు. ఇది లేకుండా మిగతావన్నీ ఉన్నా పని సగమే అవుతుంది.

1. ముందు ప్రాణాపాయం లేదని తేల్చుకోండి

ఊపిరి, రక్తప్రసరణ కుదురుగా లేని మనిషి దగ్గర ప్రశ్నల కాగితం తీయకండి. మామూలు ట్రయాజ్, అంటే ఎవరిది ఎంత అత్యవసరమో తేల్చే తొలి పరీక్ష, ముగించండి. అయితే పెద్దవారి అంకెలు నమ్మించి మోసం చేస్తాయని గుర్తుంచుకోండి.

గాయపడి వచ్చిన 65 దాటిన మనిషికి పై బీపీ 110 కంటే తక్కువ ఉంటే "బాగానే ఉంది" అనుకోకండి, షాక్ అని అనుమానించండి. రోజూ 160 ఉండేవారికి 110 చాలా తక్కువ. ఒళ్లు వేడిగా లేనంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదనలేం. గుండెదడ తగ్గించే మాత్రలు వాడేవారిలో నాడి వేగం పెరగకపోవచ్చు. గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా ఆయాసంగానో, చెమటగానో, ఉత్త నీరసంగానో రావచ్చు. తికమకగా మాట్లాడుతున్నా, ఒక పక్క చెయ్యి వాలినా మొదటి పని వేలి చుక్కతో సుగర్ చూడడం. సుగర్ మాత్ర వేసుకుని అన్నం తినని మనిషి పక్షవాతం వచ్చినవారిలాగే కనిపించవచ్చు. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందు వాడుతుంటే పైకి ఎంత బాగున్నా సీటీ తీయించాల్సిందే.

ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా ఇంకొకటి చూడాలి. రామగుండం, మంచిర్యాల వైపు ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఒళ్లు కాలిపోతూ మతి తప్పి మాట్లాడుతుంటే ముందు వడదెబ్బే అనుకోండి. చల్లబరచడం ముందు, ప్రశ్నలు తరువాత.

2. సరైన మనిషిని పట్టుకోండి

స్ట్రెచర్ పక్కన నిలబడ్డవారందరికీ విషయం తెలుసనుకోకండి. సంతకం పెట్టే కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, నెలకు ఒకసారి వస్తాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చాలా ఇళ్లలో కొడుకులు గల్ఫ్‌లో ఉంటారు. వెంట వచ్చింది పక్కింటి వారో, ఆటో తోలే అబ్బాయో కావచ్చు. కాబట్టి మొదటి ప్రశ్న: "ఈమెకు రోజూ అన్నం పెట్టేది ఎవరు?" ఆ పేరు చెప్పగానే ఫోను కలపమనండి. చాలాసార్లు అది కోడలు, లేదంటే అదే ఊళ్లో ఉన్న కూతురు. ఎవరూ దొరకకపోతే ఊరి ఆశా కార్యకర్తను అడగండి. పింఛను ఎవరు తెచ్చుకుంటున్నారో, ఎవరు గడప దాటడం మానేశారో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

108 సిబ్బంది వెళ్లిపోకముందే ఒక్క నిమిషం ఆపండి. ఇల్లు చూసింది వాళ్లే. మనిషి నేల మీద ఉన్నారా మంచం మీద ఉన్నారా, ఎంతసేపటి నుంచి, బట్టలు తడిసి ఉన్నాయా, గదిలో మందుల కవర్లు కనిపించాయా అని అడగండి.

3. రెండు వారాల కిందటి మనిషికి సంఖ్య వేయండి

మొత్తం పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే ఎక్కువగా తప్పేది ఈ మెట్టు. క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ కెనడాలో 2005లో వచ్చింది. మొదట 7 మెట్లుండేవి, ఇప్పుడు 9. మీ ఎదుట పడుకుని మూలుగుతున్న మనిషిని చూసి వేసే సంఖ్య కాదు ఇది. ఈ జబ్బు రాకముందు, సుమారు రెండు వారాల కిందట, ఆ మనిషి ఎలా ఉన్నారో దానికి వేయాలి. న్యుమోనియా వచ్చినవారెవరైనా మంచం మీద 7లాగే కనిపిస్తారు.

ఆ రోజుల్ని గుర్తుచేయడానికి "రెండు వారాల కింద" అంటే చాలదు. "మొన్నటి బతుకమ్మకు ఆడిందా?", "పోయిన నెల పింఛను తానే వెళ్లి తెచ్చుకున్నాడా, ఎవరైనా వెంట వెళ్లారా?", "కిందటి అంగడికి నడిచే వెళ్లిందా?" ఇలా అడిగితే ఇంటివారి కళ్ల ముందుకు అసలు మనిషి వస్తారు.

"తన పనులు తానే చేసుకుంటుందా?" అని మాత్రం అడగకండి. పరువు కోసం కొందరు "అన్నీ చేసుకుంటుంది సార్" అంటారు. విసుగుతో కొందరు "ముసలిదానికి ఏం చేతనవుతుంది" అంటారు. రెండూ పనికిరావు. చిన్న పనిని పట్టుకుని అడగండి:

- నిన్న మొన్న స్నానానికి నీళ్లు ఎవరు తోడారు? వీపు ఎవరు రుద్దారు? చీర ఎవరు కట్టారు?
- మరుగుదొడ్డిలో కింద కూర్చుని తానే లేస్తారా, గోడ పట్టుకుంటారా, ఎవరైనా లేపాలా?
- మాత్రలు తానే చూసి వేసుకుంటారా?
- కిరాణా దుకాణంలో చిల్లర లెక్క సరిగ్గా తెస్తారా?
- బీడీలు చుట్టేవారా? ఎప్పుడు మానేశారు, ఎందుకు?

మగవారి దగ్గర ఒక జాగ్రత్త. జీవితంలో పొయ్యి వెలిగించని తాత "వంట చేసుకోలేడు" అని తేలితే అది బలహీనత కాదు. అలాగే ఎన్నడూ బ్యాంకు మెట్లెక్కని అవ్వ డబ్బు లెక్కలు చూడకపోవడం కూడా లెక్కలోకి రాదు. ఇదివరకు చేస్తూ ఉండి మానేసిన పనులనే చూడండి.

సంఖ్యలు ఇలా:

1 నుంచి 3 వరకు: తమ బతుకు తాము బతుకుతున్నవారు. 1 అంటే ఆ వయసువారిలో అందరికంటే చురుకు, ఇంకా కాయకష్టం చేస్తున్నవారు. 2 అంటే జబ్బు లక్షణాలు లేవు గానీ అంత చురుకు లేదు. 3 అంటే బీపీ, సుగర్ వంటివి ఉన్నా అదుపులో ఉన్నాయి, మామూలు నడక తప్ప శ్రమ లేదు.

4: ఎవరి సాయమూ అక్కర్లేదు, కానీ "ఈ మధ్య మెల్లబడ్డాడు", "పగలంతా అలసట అంటుంది" అనే మాటలు వినిపిస్తాయి.

5: బయటి పనులకు తోడు కావాలి. ప్రయాణం, డబ్బు, మందులు, బరువైన ఇంటిపని.

6: బయటి పనులన్నిటికీ, ఇంటి పనులకీ సాయం కావాలి. మెట్లు కష్టం. స్నానానికి ఒకరు ఉండాలి.

7: సొంత ఒంటి పనులన్నిటికీ ఇతరుల మీదే ఆధారం, కానీ నిలకడగానే ఉన్నారు.

8: పూర్తిగా ఆధారపడి, చిన్న జబ్బు చేసినా కోలుకునే స్థితిలో లేనివారు.

9: క్యాన్సర్ వంటి జబ్బుతో ఆరు నెలల లోపే ఆయువు ఉన్నవారు, మిగతా విషయాల్లో అంత బలహీనంగా లేకపోయినా సరే.

మతిమరుపు జబ్బు ఉంటే దాని తీవ్రతను బట్టి: తేలికైతే 5, మధ్యస్థమైతే 6, తీవ్రమైతే 7. పోలియో కాలు, పుట్టుకతో వచ్చిన వైకల్యం వంటివి ఏళ్ల తరబడి మారకుండా ఉన్నవారికి ఈ స్కేలు వాడకండి. వారికి పెద్ద సంఖ్య వస్తుంది, అది అబద్ధపు సంఖ్య.

సంఖ్య పక్కన ఎవరు చెప్పారో తప్పకుండా రాయండి. "5, కోడలు ఫోనులో" అని ఉంటే వార్డు డాక్టర్ నమ్ముతారు.

4. ఐసార్ ఆరు ప్రశ్నలు

మాంట్రియల్‌లో 1999లో వచ్చిన ఈ జాబితా ఎమర్జెన్సీకి వచ్చిన పెద్దవారి కోసమే రాసినది. అవును, కాదు అంటే చాలు.

ఒకటి, ఈ జబ్బు రాకముందు రోజూ ఎవరైనా సాయం చేయాల్సి వచ్చేదా? రెండు, జబ్బు వచ్చాక మామూలుకంటే ఎక్కువ సాయం కావాల్సి వస్తోందా? మూడు, గత ఆరు నెలల్లో ఒక్క రాత్రైనా ఆసుపత్రిలో చేరి ఉన్నారా? నాలుగు, చూపు బాగుందా? ఐదు, జ్ఞాపకశక్తితో పెద్ద ఇబ్బంది ఉందా? ఆరు, రోజూ మూడు కంటే ఎక్కువ రకాల మందులు వాడుతున్నారా?

నాలుగో దానికి "లేదు" అంటే ఒక పాయింటు, మిగతావాటికి "అవును" అంటే ఒక పాయింటు. నాలుగోది తిరగేసి ఉందన్న సంగతి మరచి మొత్తం తప్పుగా కూడేవారు చాలామంది. మీ కాగితంలో ఆ ప్రశ్న చుట్టూ ఒక గీత గీసి పెట్టుకోండి. 2 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ముప్పు ఉన్నవారి కింద లెక్క.

మా ప్రాంతంలో ఆరో ప్రశ్నే అసలు గని. "ఏం గోలీలు వేసుకుంటావు అవ్వా?" అంటే "బీపీ గోలీ ఒక్కటే" అంటుంది. కొంగు ముడి విప్పితే నాలుగు రకాలు బయటపడతాయి. చీటీని నమ్మకండి, కవరు తెప్పించండి, లేదా ఇంట్లో ఉన్నవాటిని ఫోటో తీసి పంపమనండి. తరువాత విడిగా అడగాల్సినవి: ఊరి ఆర్ఎంపీ దగ్గర నొప్పులకు వేయించుకునే సూది మందు, మోకాళ్లకు తెచ్చుకునే పేరులేని పొడి, నిద్ర మాత్ర. నొప్పి సూదులు కిడ్నీని, కడుపును దెబ్బతీస్తాయి. పేరులేని పొడిలో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. అది హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోతుంది.

ఐసార్‌కు ఒక బలహీనత ఉంది. 2 దాటేవారు చాలామంది తేలుతారు, వారందరికీ నిజంగా ముప్పు ఉండదు. అందుకే ఇది ఒంటరిగా నిర్ణయం తీసుకునే కొలత కాదు. ఎవరి దగ్గర ఇంకో అయిదు నిమిషాలు ఆగాలో మాత్రమే చెబుతుంది.

5. మతి తేడాను ఫోర్ ఏటీతో చూడండి

హఠాత్తుగా వచ్చే మతి తప్పడం, అంటే డెలీరియం, అత్యవసర పరిస్థితి. అరిచి గోల చేసేవారిని అందరూ గుర్తిస్తారు. మూలకు తిరిగి నిశ్శబ్దంగా పడుకున్నవారిని ఎవరూ చూడరు. "పాపం అలసిపోయి నిద్రపోతోంది" అని దుప్పటి కప్పుతారు.

నాలుగు అంశాలు. మొదటిది మెలకువ: పిలిస్తే కళ్లు తెరిచి మామూలుగా ఉంటే 0, స్పష్టంగా మగతగానో అతిగా ఆందోళనగానో ఉంటే 4. రెండోది వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, ఇప్పటి సంవత్సరం: ఒక తప్పుకు 1, రెండు లేదా ఎక్కువైతే 2. మూడోది నెలలు వెనక్కి చెప్పడం: ఏడు నెలలు సరిగ్గా చెబితే 0, అంతకంటే తక్కువైతే లేదా చెప్పనంటే 1, అసలు అడిగే స్థితిలోనే లేకపోతే 2. నాలుగోది ఇటీవల హఠాత్తుగా వచ్చిన మార్పు లేదా పూటకో తీరుగా ఉండడం: ఉంటే 4. మొత్తం 4 లేదా ఎక్కువైతే డెలీరియం అనుమానం. 1 నుంచి 3 అయితే మతిమరుపు ఉండవచ్చు.

చిక్కు ఎక్కడంటే, బడికి వెళ్లని మన పెద్దవారికి పుట్టిన తేదీ తెలియదు, ఇంగ్లీషు సంవత్సరంతో పని లేదు, నెలలు వెనక్కి ఎవరూ చెప్పించలేదు. నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా రెండో అంశంలో 2, మూడో అంశంలో 1, మొత్తం 3 రావచ్చు. దాన్ని చూసి కేస్ షీట్ మీద "డిమెన్షియా" అని రాస్తే ఆ ముద్ర ఎన్నటికీ పోదు. కాబట్టి నియమం ప్రకారం వచ్చిన సంఖ్య వేసి, పక్కనే "చదువు లేదు" అని రాయండి. చైత్రం, వైశాఖం అంటూ తెలుగు నెలలే చెప్పనివ్వండి, ఫాల్గుణం నుంచి వెనక్కి. అదీ కుదరకపోతే ఐతారం నుంచి వారాల పేర్లు వెనక్కి అడగండి. కానీ వారాలతో వచ్చిన జవాబుకు పాయింట్లు వేయకండి, మాటల్లో రాయండి. మేడారం జాతర మళ్లీ ఎప్పుడు, ఈ మధ్య ఇంట్లో ఎవరి పెళ్లి జరిగింది వంటివి మాట కలపడానికి బాగుంటాయి, స్కోరుకు పనికిరావు.

అదృష్టం ఏమిటంటే, ఎక్కువ బరువున్న మొదటి, నాలుగో అంశాలకు చదువుతో సంబంధం లేదు. నాలుగో అంశానికి ఇంటివారిని ఒకే ఒక ప్రశ్న అడగండి: "ఈ నాలుగైదు రోజుల్లో మనిషి మాటలో, తీరులో తేడా వచ్చిందా?" "నిన్న రాత్రి చచ్చిపోయిన మా మామతో మాట్లాడింది" అని కోడలు చెప్పిందంటే మీకు జవాబు దొరికినట్టే.

డెలీరియం తేలితే కారణం వెతకాలి: ఇన్ఫెక్షన్, సోడియం లేదా సుగర్ హెచ్చుతగ్గులు, నిండిన మూత్రాశయం, మలబద్ధకం, కొత్త మందు, నొప్పి. కల్లు గురించీ అడగండి, ఆడవారిని కూడా. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగే మనిషి జబ్బు చేసి రెండు మూడు రోజులు మానేస్తే వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ వైపు ఆసుపత్రులు ఇలాంటివారితోనే నిండాయి.

6. లేపి నడిపించండి

తుంటి దగ్గర నొప్పి ఉండి, కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే ఈ మెట్టు వదిలేయండి, ఎక్స్‌రే తీయించండి. ఛాతీనొప్పి ఉన్నా, బీపీ పడిపోతున్నా వద్దు.

మిగతావారిని కుర్చీలో కూర్చోబెట్టి, వారి చెప్పులే తొడిగించి, చేతికర్ర వాడేవారైతే ఇచ్చి, లేచి గీత దాకా వెళ్లి తిరిగి వచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు లేదా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉందని అర్థం. సెకన్ల కంటే నేను ఎక్కువగా చూసేది తిరిగే చోటు. ఆరోగ్యంగా ఉన్నవారు రెండు మూడు అడుగుల్లో తిరిగిపోతారు. బలహీనులు అక్కడ ఆగి, చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరుగుతారు, ఒక చెయ్యి గాలిలో పట్టు వెతుకుతుంది. పక్కనే, ఒక అడుగు వెనుకగా మీరు ఉండాలి.

స్థలం లేకపోతే చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఒక్కసారి లేవగలరా అన్నది చూడండి. కళ్లు తిరుగుతున్నాయన్నవారికి, పడిపోయి వచ్చినవారికి అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే మందుల చీటీ తిరగేయాలి.

7. తిండి, చూపు, వినికిడి

ఇది త్వరగా అయిపోతుంది. పిక్క చుట్టుకొలత 31 సెంటీమీటర్ల కంటే తక్కువా? మూడు నెలల్లో మూడు కిలోలకు పైగా తగ్గారా? ఇంట్లో తూకం ఉండదు కాబట్టి "గాజులు జారిపోతున్నాయా, జాకెట్టు వదులైందా?" అని అడగండి. పళ్ల సెట్టు, కళ్లద్దాలు వెంట తెచ్చారో లేదో చూడండి. తేకపోతే ఎవరినైనా పంపి తెప్పించండి. అద్దాలు లేని మనిషికి రాత్రి వార్డులో మతి తప్పడం తేలిక.

8. ఒంటరిగా మాట్లాడండి

ఎక్స్‌రేకు తీసుకెళ్లేటప్పుడో, కర్టెన్ లాగి డ్రెస్సింగ్ మార్చేటప్పుడో వెంట వచ్చినవారిని బయట ఉంచండి. "అవ్వా, ఇంట్లో మిమ్మల్ని మంచిగా చూసుకుంటున్నారా? ఎవరి భయమైనా ఉందా? పింఛను డబ్బు మీ చేతికే వస్తుందా?" పై చేతుల లోపలి వైపు, వీపు మీద, చెవుల వెనుక గాయాలు చూడండి. పురుగుమందు తాగి వచ్చిన పెద్దవారిని "పొరపాటున తాగాడు" అన్న మాట దగ్గర వదలకండి. బతకాలని లేదా అని సూటిగా అడిగితే ఆలోచన పుట్టదు, బయటపడుతుంది. మానసిక సాయానికి టెలీ మానస్ 14416, వృద్ధుల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567. ఆదరించని పిల్లల మీద 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉన్న ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆ పెద్దావిడ నిర్ణయం. నంబరు రాసిచ్చే చీటీ కొడుకు చేతికి మాత్రం ఇవ్వకండి.

9. తేలినదాన్ని పనిగా మార్చండి

ఫ్రెయిల్టీ స్కేలులో 5 లేదా ఎక్కువ, ఫోర్ ఏటీలో 4 లేదా ఎక్కువ, ఐసార్‌లో 2తో పాటు నడకలో తేడా: ఈ మూడింటిలో ఏది ఉన్నా సీనియర్ డాక్టర్ చూడకుండా ఇంటికి పంపకండి. అదే రోజు చేయాల్సినవి:

- అవసరం లేని మూత్రపు గొట్టం తీసేయాలి. "మంచం తడుస్తోంది" అన్నది గొట్టం వేయడానికి కారణం కాదు.
- నీళ్లు, తిండి ఆపాల్సిన కారణం లేకపోతే పెట్టాలి. ఆపరేషన్ ఉందో లేదో తేలక పొద్దుటి నుంచి కడుపు మాడ్చుకున్నవారిని చూస్తూనే ఉంటాం.
- గోల చేస్తున్నారని నిద్ర సూది వేయకూడదు. కల్లు, మద్యం మానడం వల్ల వచ్చినది వేరే సంగతి. ముందు ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టండి, లైటు తగ్గించండి.
- స్ట్రెచర్ మీద గంటల తరబడి ఉంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి, మడమలు చూడాలి.
- ఇంటికి పంపేటప్పుడు ఏ మందు ఆపాలో, ఏది కొత్తదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. రెండు మూడు రోజుల్లో ఎవరు ఫోను చేస్తారో, ఊళ్లో ఏఎన్ఎమ్‌కు ఎవరు చెబుతారో పేరుతో సహా తేల్చాలి.

ఒక గట్టి హెచ్చరిక. ఈ సంఖ్య చూపించి "7 వచ్చింది, ఐసీయూ వద్దు" అనడానికి వీల్లేదు. అది చర్చకు ఒక ఆధారం మాత్రమే. పెద్ద సంఖ్య వచ్చినవారి మీద మరింత శ్రద్ధ పెట్టాలి. అందులో నొప్పి తగ్గించడం, వారికేం కావాలో వారినే అడగడం కూడా భాగమే.

ఊపిరాడనంత రద్దీలో

పది నిమిషాలు దొరకని రాత్రులుంటాయి. అప్పుడు రెండే ప్రశ్నలు: "రెండు వారాల కిందట ఎలా ఉండేవారు?", "మతిలో తేడా వచ్చిందా?" రెండిటి జవాబులూ రాయండి. మిగతావి వార్డులో పూర్తి చేయమని ఫైలు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. సగం నింపిన కాగితం కంటే ఇది నయం.

సరిగ్గా చేస్తున్నామా అని చూసుకోవడం

ఒకే రోగికి ఇద్దరు నర్సులు ఒకరికొకరు చెప్పుకోకుండా సంఖ్య వేయండి. ఒకటి తేడా ఉంటే ఫరవాలేదు. రెండు ఉంటే ఎవరిని అడిగారో పోల్చండి. చాలాసార్లు ఒకరు కొడుకును, ఒకరు కోడలిని అడిగి ఉంటారు.

నెలకోసారి పాత కేస్ షీట్లు కొన్ని తీయండి. అన్నీ 4, 5 దగ్గరే గుమిగూడి ఉంటే మంచం దగ్గరకు వెళ్లకుండా టేబుల్ దగ్గర కూర్చుని నింపారని అర్థం. 8లు ఎక్కువగా ఉంటే ఇవాళ్టి మనిషికి వేస్తున్నారు, రెండు వారాల కిందటి మనిషికి కాదు. సంఖ్య ఉండి చెప్పినవారి పేరు లేకపోతే ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఫోర్ ఏటీ అన్నీ రాత్రి రెండు గంటలకు చేసినవే అయితే నిద్రమత్తును మగతగా రాసి ఉంటారు, పొద్దున మళ్లీ చేయించండి.

ఇంటికి పంపినవారిలో నెల లోపు తిరిగి వచ్చినవారి పాత కాగితాన్ని కొత్త ఫైలుకు జతచేసే అలవాటు పెట్టండి. అందులో ముప్పు అని రాసి ఉండి ఎవరూ ఫోను చేయలేదా, లేక ముప్పు అని రాయనే లేదా అన్నది అక్కడే తేలుతుంది. మొదటిదైతే ఫోను చేయాల్సినవారితో మాట్లాడండి. రెండోదైతే మూడో మెట్టు నుంచి మళ్లీ శిక్షణ ఇవ్వండి.